కొత్త పార్టీ వస్తే అంతా మారిపోద్దా?

ఈ ఎపిసోడ్ మన నాతవరం గురించే.

పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు. సర్పంచ్ ఎన్నిక చట్టం ప్రకారం పార్టీ రహితం. కానీ ఏ ఊళ్లో అడిగినా "మా సర్పంచ్ ఫలానా పార్టీ" అని టక్కున చెప్పేస్తారు. మరి గుర్తే లేని చోటికి పార్టీ ఎలా వచ్చింది?

నిజానికి పార్టీ కంటే ముందు ఊళ్లో వర్గాలుంటాయి. పెద్ద కుటుంబాలు, పాత తగాదాలు, ఆఫీసులో పని చేయించగల మనుషులు. ఒక వర్గం ఒక జెండా పట్టుకుంటే, రెండోది ఇంకోటి పట్టుకుంటుంది.

1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. తొమ్మిది నెలలకే అధికారం! కాంగ్రెస్‌లో చోటు దొరకనివాళ్లకి అప్పుడొక జెండా దొరికింది. మన నర్సీపట్నం నుంచి 1983లో గెలిచిన కుర్రాడు అయ్యన్నపాత్రుడు గారు. మధ్యలో ఓడారు, మళ్లీ గెలిచారు. 2024లో అసెంబ్లీ స్పీకర్ అయ్యారు. అంటే ఒకప్పటి మార్పే ఇవాళ పాత వ్యవస్థ. ఇది తిట్టు కాదు, పార్టీలు పెరిగే తీరే అంత.

ఆ తర్వాత వచ్చినవాళ్ల సంగతి చూడండి. 2008లో చిరంజీవి గారు ప్రజారాజ్యం పెట్టారు. 2009లో సుమారు 16 శాతం ఓట్లొచ్చాయి. 294 సీట్లలో గెలిచినవి మాత్రం 18. మన పద్ధతిలో నియోజకవర్గంలో మొదట నిలిచినోడిదే సీటు, మిగతా ఓట్లకి విలువ లేదు. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. జనసేనకి 2019లో ఒక్క సీటే. 2024లో టీడీపీ, బీజేపీలతో పొత్తు పెట్టుకుంటే పోటీ చేసిన 21కి 21 గెలిచింది. అప్పుడు గాలి కూడా వేరే, నిజమే. అయినా పాఠం కనపడుతోంది: కొత్తోడు పాతోళ్లలో కలవాలి, లేదా వాళ్లతో కలిసి నడవాలి.

మరి మనం ఏం చెయ్యాలి? హీరో కోసం ఎదురుచూడటం మానేద్దాం. గ్రామసభకి వెళ్దాం. పంచాయతీకి ఎంత డబ్బొచ్చింది, దేనికి ఖర్చయింది అని అడుగుదాం. ఆ ప్రశ్నకి జెండా అక్కర్లేదు. ఒక్కడు అడిగితే "నువ్వే పార్టీవాడివిరా?" అంటారు. రెండు వర్గాల కుర్రాళ్లూ కలిసి అడిగితే ఆ మాట అనలేరు. మార్పు అక్కడ మొదలవుద్ది.

మీ ఊళ్లో చివరి గ్రామసభ ఎప్పుడు జరిగిందో కామెంట్‌లో పెట్టండి. తెలీదా? అయితే అదే పెట్టండి. ఉంటాను మరి!