వాలుబాటయు, మొక్కల మడియు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

విద్యనుగూర్చియో, వివాహములయందలి దుబారానుగూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ విషయములు నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు వేదికపై నున్నారు. నేను బొగ్గుగనుల వర్కుషాపులో వడ్రంగము చేసి విశ్రాంతి పొందినవాడను. నాకు తెలిసిన విద్య కొలత యొక్కటే. కావున మన భవనము ముందర మనము తప్పుగా కొలిచిన యొక వాలుబాటను గూర్చి విన్నవించుకొందును.

1871వ సంవత్సరమున విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము సాగెను. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చెను. కాలక్రమమున గనులు గోదావరి యొడ్డునకు వచ్చినవి. గనులవెంట మన పెద్దలును నాగళ్ళు, బండ్లు చేయు పల్లెలను విడిచి వచ్చిరి. బాడిస పట్టిన చేయి బాయిలో దిమ్మెలు నిలిపినది. కొలిమి యెరిగిన చేయి వర్కుషాపులో చేరినది.

ఈ ప్రాంతమున “అన్‌ఫిట్” అను మాట యెరుగని యిల్లు లేదు. బాయిలో దెబ్బతగిలినవానిని, దుమ్ము పీల్చి రొమ్ము చెడినవానిని వైద్యమండలివారు పనికి అనర్హుడని నిర్ణయించినచో, నిబంధనలకు లోబడి అతని బిడ్డకు ఉద్యోగము వచ్చును. సంసారములు నిలుచుటకు అది యాధారము. దానిని నేను తప్పు పట్టను. కాని కంపెనీవారు బాయి పనికి మాత్రమే అన్‌ఫిట్ అని వ్రాయుదురు. మనమో, ఆ మనుష్యుని లోకములోని సర్వకార్యములకును అన్‌ఫిట్ చేసి, వరండాలో మంచము వేసి కూర్చుండబెట్టుదుము. పింఛనున్నది గదా యందుము. 2023 జూలైలో ఆ పింఛను 3,016 నుండి 4,016 రూపాయలకు పెరిగినది, మంచిదే. అతనితో ముచ్చటించువారి సంఖ్య పెరిగినట్లు నాకు తోచలేదు.

మూడేండ్ల క్రిందట మన యువకులు భవన ప్రాంగణమున మొక్కలు పెంచ సంకల్పించిరి. మన వేసవిని గూర్చి మీకు చెప్పనేల? 45 డిగ్రీలు మనకు వింత కాదు. ఒకవైపు ఓపెన్‌కాస్టు దుమ్ము, మరియొకవైపు 2,600 మెగావాట్ల విద్యుత్కేంద్రము. అప్పుడు మన సంఘమువాడే, గని ప్రమాదమున కాలు పోగొట్టుకొని చక్రాల కుర్చీలో తిరుగు పెద్దాయన యొకడు, తానును పనికి వత్తుననెను. భవనమునకు అయిదు మెట్లు. మొత్తము ఎత్తు రెండున్నర అడుగులు. మేము నలుగురము ఒక ఆదివారము పూని పది అడుగుల వాలుబాట పోసితిమి. నున్నగా సిమెంటు పూసి, గర్వముతో ఫొటో కూడ తీయించుకొంటిమి.

ఆయన వచ్చి కుర్చీని ఎక్కింపబోగా సగము దూరమున అది వెనుకకు జారినది. ఇద్దరు పట్టుకొనకున్నచో ఏమయ్యెడిదో! ఆయన కోపింపలేదు. “ఇది తొవ్వ కాదు తమ్మీ, ఇంక్లైన్ తీసిన్రు” అనెను. నాకు తల కొట్టివేసినట్లయినది. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు కావలెనని శాస్త్రము. మాది నాలుగడుగులే! ఏండ్లతరబడి ఇంక్లైను దిగి యెక్కి మోకాళ్ళు అరిగినవారము, వాలు అనగా నేమో తెలియనివారమా? మూలమట్టమును తూకుగుండును తెచ్చితిమి గాని, కుర్చీలో కూర్చుండువానిని ఒక్కమాట అడుగలేదు.

దానిని పగులగొట్టి, ముప్పది అడుగుల బాటను నడుమ మలుపుతో, మలుపునొద్ద కుర్చీ తిరుగుటకు సమతలము విడిచి, గరుకుగా పోసితిమి. కమ్మరి సోదరులు ఇరుప్రక్కల పట్టుకడ్డీలు చేసిరి. ఈ పర్యాయము ప్రతిదినము ఆయనను కూర్చుండబెట్టి చూచుచు చేసితిమి.

ఇక మొక్కల సంగతి. ఓబీ దిబ్బల మన్ను ఊరకే దొరకునని గుంటలన్నియు దానితో నింపితిమి. మొదటి యేటి మొక్కలలో బ్రదికినవి వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఓపెన్‌కాస్టులో పనిచేసిన ఆ పెద్దాయనయే కారణము చెప్పెను: అది పైమన్ను కాదు, భూమి కడుపులోనిది, దానియందు వేరునకు తిండి లేదు. చెరువుమట్టి, పెంట, ఇసుక సమపాళ్ళుగా కలిపిన తరువాత వేప, కానుగ నిలిచినవి. పాత టేకు ముక్కలతో బల్లవలె ఎత్తైన మడి చేసి, క్రింద మోకాళ్ళు పట్టునట్లు ఖాళీ విడిచితిమి. ఆ మడి ఇప్పుడాయన యధీనము.

నారు సంచులు నింపునది చూపు లేని మన సోదరి యొకతె. ఆకు తడిమి కానుగయో సీతాఫలమో చెప్పును. ఒకనాడు బజారువైపు మొక్కల ఆకులు గరుకుగా నున్నవని ఆమె యనగా మేము నవ్వితిమి. తెల్లని గుడ్డతో తుడిచి చూడగా గుడ్డ నల్లబడినది! నాడే మడులను గోడ వెనుకకు మార్చితిమి. సాయంకాలము ఆకులు కడుగు వాడుక ఆమె మాటవలన వచ్చినదే.

ఇంతవరకు చెప్పినది సంతోషవార్త. చెప్పవలసిన మరియొకటి కలదు. గత వైశాఖమున మిట్టమధ్యాహ్నము ఆ పెద్దాయన మడియొద్ద సొమ్మసిల్లెను. విచారింపగా, పనికి వచ్చునాడు ఉదయమునుండి నీరు త్రాగడని తెలిసినది. మన భవనపు మరుగుదొడ్డి తలుపు వెడల్పు రెండడుగులు. కుర్చీ అందు దూరదు. మమ్ము అడుగుటకు సిగ్గుపడి, రెండు వేసవులు దాహముతోనే మన మొక్కలకు నీరు పోసినాడు.

ఆ తలుపు చట్రమును బిగించినది నేనే.

2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్న వికలాంగుల హక్కుల చట్టము ప్రైవేటు భవనమైనను, ప్రజలు వచ్చిపోవునదైనచో, అది అందరికిని అనువుగా నుండవలెనని విధించుచున్నది. పెండ్లిండ్లకు అద్దెకిచ్చు మన భవనము దానికి వెలికాదు. చట్టమునకు వెరచి చేయుమని నా మనవి కాదు. పోషకులు ఈ యేడు స్వాగతతోరణమునకు ప్రకటించిన సొమ్ములో కొంత ఆ మరుగుదొడ్డికి మరలింపవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాను.

తలుపు మూడడుగులుండవలెను; బయటికి తెరచుకొనవలెను. చట్రమునకు టేకు నేనిచ్చెదను. గోడ తొలచుటకు ఇద్దరు, కడ్డీలు బిగించుటకు ఒకరు కావలెను. రానున్న ఎండలకు ముందే పని ముగియవలెను. సభానంతరము భోజనశాల ద్వారమునొద్ద టేపుతో నిలుచుందును. రాదలచినవారు పేరు చెప్పిపొండు.