లినక్స్ లోకంలో అడిగేవారు, చెప్పేవారు

(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం పూట టిఫిన్లు ముగించుకుని కంప్యూటర్ గురించి వినడానికి కూర్చున్నందుకు ముందుగా మీకు ధన్యవాదాలు. వెనక వరుసలో ఉన్న పిల్లలకు ఇందులో చాలావరకు తెలిసిందే. పెద్దవాళ్ల కోసం కాస్త నెమ్మదిగా చెబుతాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసరు ఉండాలి. మన ఇళ్లలోని పదేళ్ల నాటి లాప్‌టాప్‌లు చాలావాటికి ఆ అర్హత లేదు. కీబోర్డు బాగుంటుంది, తెర బాగుంటుంది, మెషీను మాత్రం పనికిరాదంటారు. పాత సామాన్లవాడికి ఇచ్చేముందు దానిమీద లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసి చూడండి అంటాను నేను. డబ్బు కట్టక్కర్లేదు. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి సార్?"

న్యాయమైన ప్రశ్న. ఇంట్లో ఉచితంగా వాడుకునేవారికి లినక్స్‌లో కస్టమర్ కేర్ నంబరంటూ ఉండదు. అయినా కోట్లమంది వాడుతున్నారంటే, తోటి వాడుకరులే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు కాబట్టి.

ఈ అలవాటు పుట్టుకతోనే వచ్చింది. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అందులో ఏమేం ఉండాలో చెప్పమని తోటివారిని అడిగాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను మొదలుపెట్టాడు. దాన్ని నేటికీ స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు. ఉబుంటు దానిమీద కట్టిందే, మింట్ ఉబుంటు మీద కట్టింది. లినక్స్ అంతా ఉచిత సేవేనని కొందరు గొప్పగా చెబుతారు గానీ, అది పూర్తి నిజం కాదు. దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఎక్కువ పని ఇవాళ పెద్ద కంపెనీల జీతగాళ్లే చేస్తున్నారు. మీ ఇంట్లో ప్రింటర్ కదలకపోతే జవాబు చెప్పడానికి మాత్రం ఎవరికీ జీతం లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. లినక్స్ వేశారు, వైఫై కనిపించడం లేదు. "వైఫై రావట్లేదు, అర్జెంటు, హెల్ప్ చేయండి" అని రాస్తే ఎవరూ పలకరు. పొగరు అనుకుంటాం. కానీ కౌంటరు దగ్గరికొచ్చి "నా డబ్బు రాలేదు" అని ఊరుకునే ఖాతాదారుకి మీరైనా ఏం చెప్పగలరు? ఏ ఖాతా, ఏ తేదీ, ఎంత మొత్తం అని అడగరూ? ఇక్కడా అంతే. లినక్స్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ' అనే చిన్న ఆదేశం ఉంది. మెషీను లోపలి కార్డుల పేర్లన్నీ చూపిస్తుంది. ఆ వరుసలో బ్రాడ్‌కామ్ అని కనిపిస్తే, అనుభవం ఉన్నవాళ్లకు సగం విషయం తెలిసిపోతుంది. పాత బ్రాడ్‌కామ్ చిప్పులు చాలావాటికి డ్రైవరు విడిగా వేసుకోవాలి. దాన్ని దింపుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, వైఫైయేమో లేదు! అందుకని మొబైల్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టమంటారు. పావుగంట పని.

సర్వర్ల దగ్గర తమాషాలు ఇంకా ఎక్కువ. డిస్కులో సగం ఖాళీ చూపిస్తుంది, కానీ కొత్త ఫైలు రాయబోతే చోటు లేదంటుంది. తెలియనివాళ్లు డిస్కు పోయిందని కొత్తది కొనేస్తారు. తెలిసినవారు 'డీఎఫ్' అనే ఆదేశానికి 'ఐ' చేర్చి కొట్టమంటారు. పాత లెడ్జరు చూసినవారికి ఇది సులువు: లోపల కాగితాలు బోలెడున్నాయి, ముందున్న ఇండెక్సు పేజీలు నిండిపోయాయి. వీటిని ఐనోడ్‌లు అంటారు. ఎక్కడో ఒక ప్రోగ్రాము లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు పోగేసి ఉంటుంది. పనికిరానివి తీసేస్తే సరి.

ఇక్కడ మన బ్యాంకువాళ్లకు ఒక మాట. నేను చెబుతున్నది ఇంటి కంప్యూటర్ల గురించే. ఆఫీసు మెషీను సమస్యను బయటివారికి చూపించకూడదు. గోప్యత ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లం. ఇంటి విషయంలోనైనా పాస్‌వర్డులు రాయకండి. ఎవరైనా ఒక ఆదేశం ఇస్తే, అదేం చేస్తుందో అడగకుండా టైపు చేయకండి. మొత్తం డిస్కును తుడిచేసే ఆదేశాన్ని సరదాకి చెప్పే ఆకతాయిలు లేకపోలేదు.

ఎంబీఏలో మాకు ప్రోత్సాహకాల గురించి చాలా చెప్పారు. జీతం, ఇంక్రిమెంటు, పదోన్నతి. వీళ్లకు ఏదీ లేదు. నాకర్థమైనంతలో చెప్పేవాళ్లు ఆశించేది ఒకటే: వాళ్లు చెప్పింది పనిచేసిందో లేదో మనం తిరిగొచ్చి చెప్పడం. చాలామంది చెప్పరు. వైఫై రాగానే మాయమవుతారు. అలా చేస్తే అదే చిప్పుతో తర్వాత వచ్చేవాడు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి, చెప్పేవాడు మళ్లీ అదే చెప్పాలి. అలా చెప్పి చెప్పి వాళ్లు అలిసిపోతారు.

ఆ అలసట ఎంత దూరం పోగలదో 2024లో ప్రపంచం చూసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న పరికరం లినక్స్ సర్వర్లలో దాదాపు అంతటా ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్కడే, జీతం లేకుండా చూసుకుంటున్నాడు. మార్పులు ఆలస్యమవుతున్నాయని 2022లో అపరిచితులు అతనిమీద ఒత్తిడి తెచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని అతను చెప్పుకున్నాడు. ఈలోగా జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చి, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి సర్వర్లలోకి దొంగదారి తెరిచే కోడ్‌ను లోపల పెట్టారు. మన భాషలో చెప్పాలంటే, తాళాలు చేతికొచ్చేదాకా నమ్మకంగా పనిచేసిన ఉద్యోగి.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకో తేలేదాకా వదల్లేదు. 2024 మార్చి 29న అందరికీ తెలిసేలా బయటపెట్టాడు. అప్పటికి ఆ కోడ్ చాలావరకు పరీక్షా దశలోని వెర్షన్లకే చేరింది. ఇంకొన్ని నెలలు గడిచి ఉంటే ఎన్ని సర్వర్లకు పాకేదో. కోడ్ తెరిచి ఉండబట్టే మోసగాడు లోపలికి రాగలిగాడు, తెరిచి ఉండబట్టే ఇంకొకడు దాన్ని చివరిదాకా తవ్వి చూడగలిగాడు. రెండూ నిజమే.

మన దగ్గరా ఈ పని జరుగుతోంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో కనిపించే లినక్స్ తయారుచేశారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో 'గ్లగ్' పేరుతో విద్యార్థి బృందాలున్నాయి. మెనూల్లో ఏ ఇంగ్లీషు మాటకు ఏ తెలుగు మాట పెట్టాలన్నది కూడా ఇలాంటివాళ్లు కూర్చుని తేల్చిందే. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు ఉంటే మాత్రం ముందే చూసుకోండి. ఆ ఫాంటు లేని మెషీనులో అవి పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఇది లినక్స్ తప్పు కాదు, కానీ తిట్లు దానికే పడతాయి.

వచ్చే రెండో శనివారం సెలవే కదా. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు పదింటికి ఇదే హాలుకి తీసుకురండి. మన పిల్లల్లో నలుగురు లినక్స్ వేసిపెడతామన్నారు. చార్జరు మరచిపోవద్దు. ఫొటోలు ముందే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి, ఎక్కాయో లేదో తెరిచి చూసుకుని మరీ రండి.