నికో సీట్లో సైమన్: ఎందుకింత లొల్లి?

కరీంనగర్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చిన. ఈ రోజు ముచ్చట ఐరన్ మెయిడెన్ కొత్త డ్రమ్మర్ గురించి.

1982 చివరి నుంచి ఆ సీటు నికో మెక్‌బ్రెయిన్‌ది. 2023 జనవరిలో స్ట్రోక్ వచ్చి కుడి పక్క చచ్చుబడ్డది. అయినా కోలుకొని అదే ఏడాది టూర్ చేసిండు. 2024 డిసెంబర్ 7న సావో పాలో షోతో టూర్లకు సెలవు చెప్పిండు. 2025 మేలో బుడాపెస్ట్‌లో ఆయన జాగల సైమన్ డాసన్ కూసున్నడు. ఇగ లొల్లి షురూ! "టైట్‌గా కొడుతుండు" అని ఒకరు, "నికో ఊపు ఏది?" అని ఇంకొకరు.

నేను కూడా మొదట నికో దిక్కే. కానీ యాది చేసుకోండి, నికో కూడా క్లైవ్ బర్ ప్లేస్‌లో వచ్చినోడే.

మా దగ్గర మల్లన్న పట్నాలకు ఒగ్గు డోలు కొట్టే పెద్దాయనకు భుజం పట్టేసింది. డోలు కొడుక్కి ఇచ్చిండు. ఆ రాత్రి "ఆ దెబ్బ లేదు" అన్నది నేనే. పక్కనే తాళం కొడుతున్న పెద్దాయన విన్నడు. "నా దెబ్బ నాతోనే పోతది బిడ్డా. కథ ఆగొద్దు గదా!" అన్నడు. నాకు తలెత్తబుద్ధి కాలే.

అందుకే సైమన్‌ను నికో లెక్క కొట్టమనకండి. పాట నిలబడుతుందా లేదా, అది వినండి. మీరేమంటరో కామెంట్ పెట్టండి. ఉంటా మరి!