అనుకున్నది – పెట్టినది – తిన్నది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలిసి 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకుంటాం. తరువాత డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీ ఇంట్లో పసిపిల్లల్ని చూసుకుంటున్నారు కదా, వాళ్ళ తిండి ఏర్పాట్ల గురించి ఓ పావుగంట చెప్పండి, మన సభ్యుల్లో చాలామందికి ఇప్పుడు అదే డ్యూటీ" అన్నారు. నిజానికి ఇది మా ఆవిడ మాట్లాడవలసిన విషయం. ఆవిడ వేదిక ఎక్కనంది. "వండేది నేను, రాసేది మీరు. రాసినదాని గురించి మీరే చెప్పుకోండి" అంది. కనుక రాతకోతల సంగతే చెబుతాను.

నేను ట్రెజరీలో సీనియర్ అసిస్టెంటుగా 2009లో రిటైరయ్యాను. 2015లో మా ఎదురింటి అమ్మాయి, స్టాఫ్ నర్సు, తన పిల్లను పగలు మా దగ్గర ఉంచుతానని అడిగింది. ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరు ఆరుగురయ్యారు. కరోనా వచ్చిన 2020 మార్చి నుంచి రెండేళ్ళు మానేశాం. ఇప్పుడు ఐదుగురున్నారు. అందరికంటే చిన్నదానికి తొమ్మిది నెలలు, పెద్దవాడికి నాలుగేళ్ళు. ఉదయం ఎనిమిదిన్నరకు వస్తారు, సాయంత్రం ఐదున్నరకు వెళ్తారు. గుమ్మానికి బోర్డేమీ లేదు. సాయానికి ఒక అమ్మాయి వస్తుంది.

తొమ్మిది గంటలకు టిఫిను, పన్నెండింటికి అన్నం, నాలుగింటికి జావో పండో. ఈ మూడు పూటలకూ ఆదివారం సాయంత్రం మేమిద్దరం కూర్చుని వారం మొత్తానికి రాసుకుంటాం. రాయకపోతే ఏమవుతుందో మొదటి ఏడాదే తెలిసింది. సోమవారం ముద్దపప్పు, మంగళవారం ముద్దపప్పు, బుధవారం తీరిక లేక మళ్ళీ ముద్దపప్పు. పెద్దవాళ్ళయితే అడుగుతారు. పిల్లలు అడగరు, తినడం మానేస్తారంతే.

మా పద్ధతి చెబుతాను. పప్పు ఒకటే రెండు రోజులు వరసగా రాకూడదు. కంది తరువాత పెసర రావాలి. వారానికి మూడు రోజులు ఆకుకూర. తోటకూర, పాలకూర, మెంతికూర ఏదైనా సరే, పైన నాలుగు చుక్కలు నిమ్మరసం. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. నాలుగు గంటల పూట వారంలో రెండుసార్లు రాగి జావ. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. బియ్యంలో అందులో ముప్పయ్యో వంతు కూడా లేదు. మిగతా రోజుల్లో చిలగడదుంప, చక్రకేళీ, మరమరాల ఉప్మా. బిస్కెట్లు మా పట్టికలో లేవు. తల్లులు సంచిలో పెట్టి పంపితే అలాగే తిరిగి పంపుతాం.

మా ఇంట్లో గుడ్డు ఉడకదు. చేరేటప్పుడే ఆ మాట చెప్పేస్తాం. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చినప్పుడు దాని షెడ్యూలులో అంగన్‌వాడీ పిల్లవాడికి రోజుకు 500 కిలో క్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని రాశారు. ఆ చట్టం మాలాంటి వాళ్ళను కట్టివేయదు గాని, కొలత అంటూ ఒకటి ఉండాలి కదా అని నేను దాన్నే పట్టుకున్నాను. పప్పూ పెరుగుతో మేము కొంత సరిపెడతాం, గుడ్డు పెట్టదలచిన వాళ్ళు రాత్రి ఇంటి దగ్గర పెట్టుకోవాలి. ఏ రోజు పెట్టుకోవాలో వాళ్ళకు తెలియాలంటే మేము పగలు ఏం పెట్టామో వాళ్ళకు తెలియాలి. మెనూ తల్లుల చేతికి ఇవ్వడం ఇలా మొదలైంది. మొదట్లో నా చేత్తో రాసి, జెరాక్సు తీయించి, ప్రతి సంచిలో ఒకటి పెట్టేవాణ్ణి. తరువాత వాట్సాప్. ఒక తండ్రి ఆటో నడుపుతాడు, ఆయన దగ్గర చిన్న ఫోను. ఆయనకు ఇప్పటికీ కాగితమే.

వంట ఒకటే, వడ్డన మూడు రకాలు. తాలింపు పెట్టక ముందే, ఉప్పు వేయక ముందే చిన్నదాని వాటా గిన్నెలోకి తీసేసి మెత్తగా చేస్తాం. ఏడాదిన్నర పిల్లలకు కాస్త పలుకుగా. పెద్దవాళ్ళకు మామూలుగా, కారం లేకుండా. ద్రాక్షపండు నిలువునా చీల్చి పెడతాం, గుండ్రంగా ఉన్నది గొంతుకు అడ్డం పడుతుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టం. ఈ విషయంలో ఒక అమ్మమ్మగారితో నాకు పెద్ద వాగ్వాదమే జరిగింది. "మా పిల్లలందరికీ నాలిక మీద తేనె రాశాం, ఏమైంది?" అన్నారావిడ. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో పెరిగి విషం పుట్టించగలదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. సీసా మాత్రం పంపడం మానేశారు.

ఇంతవరకూ చెప్పింది మా గొప్ప. ఇప్పుడు చెప్పబోయేది మా గొప్ప కాదు.

2018 జూలైలో ఒక గురువారం. బోర్డు మీద నా అక్షరాలతో "ఇడ్లీ, కొబ్బరి చట్నీ" అని ఉంది. మా దగ్గరున్న పిల్లల్లో మూడున్నరేళ్ళ బాబు ఒకడికి వేరుశెనగ పడదు. చేరిన రోజే వాళ్ళమ్మ చెప్పింది, నేను ఎర్ర సిరాతో పుస్తకంలో రాసి కింద గీత కూడా గీశాను. ఆ ఉదయం నేను బ్యాంకుకు వెళ్ళాను. మా ఆవిడ కొబ్బరికాయ కొడితే లోపల కుళ్ళిపోయి ఉంది. ఇంట్లో ఇంకో కాయ లేదు. వేరుశెనగ గుళ్ళు వేయించి, పొట్టు తీసి, ఎండుమిర్చి లేకుండా చట్నీ రుబ్బింది. ఆ బాబుకు మాత్రం నెయ్యీ పంచదారా వేసి ఇమ్మని సాయానికి వచ్చే అమ్మాయికి చెప్పింది. ఇద్దరూ సరిగానే చేశారు. అంతలో మా అబ్బాయి ఫోను వచ్చి ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆ అమ్మాయి చిన్నపిల్లకు బట్టలు మారుస్తోంది.

అప్పుడు నేను వచ్చాను. అందరి పళ్ళాల్లో చట్నీ ఉంది, వీడి పళ్ళెంలో లేదు. బోర్డు చూశాను. కొబ్బరి చట్నీ. గిన్నెలో చూశాను, తెల్లగానే ఉంది. "పాపం, వీణ్ణి మరిచిపోయారు" అనుకుని ఒక చెంచా వేశాను. వాడు తిన్నాడు.

పది నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు. దగ్గు, ఆ దగ్గులో ఈల లాంటి శబ్దం. నేనే ఎత్తుకుని ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తిన్నాడు?"

"ఇడ్లీ, కొబ్బరి చట్నీ" అన్నాను.

"వేరుశెనగ ఏమైనా?"

"లేదండీ. వాడికి పడదని తెలుసు. మేము పెట్టం."

ముప్పై ఆరేళ్ళు ఫైల్లో ఉన్నదే నిజమని నమ్మి, జీతం తీసుకున్న వాణ్ణి. ఫైల్లో కొబ్బరి అని ఉంది. డాక్టరుగారు నా మాట మీద ఆగలేదు, అది నా అదృష్టం. పిల్లవాడి ఊపిరి చూసి వెంటనే తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. మళ్ళీ రావచ్చునని సాయంత్రం దాకా అక్కడే ఉంచారు. నేను బయటకు వచ్చి ఇంటికి ఫోను చేస్తే, మా ఆవిడ, "ఏమండీ, అది పల్లీ చట్నీ కదా, వాడికెవరు వేశారు?" అంది.

వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ మాటలు చెప్పడం నాకు ఎంత కష్టమైందో మీకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆవిడ అరవలేదు. బాబు దుప్పటి, పళ్ళెం, గ్లాసు తీసుకువెళ్ళడానికి మూడో రోజు మా ఇంటికి వచ్చి, బోర్డు ముందు నిలబడి ఒక మాట అంది. "బాబాయిగారూ, మీరేం పెడదామనుకున్నారో నాకెందుకండీ? వాడేం తిన్నాడో రాయండి."

ట్రెజరీలో పనిచేసిన వాడికి ఈ మాట ఒకరు చెప్పాలా? బడ్జెట్ అంచనా వేరు, వాస్తవ ఖర్చు వేరని ఎందరి బిల్లులు వెనక్కి పంపాను! నా ఇంట్లో మాత్రం అంచనా రాసి గోడకు తగిలించి, అదే లెక్క అనుకుని కూర్చున్నాను.

ఆ వారమే పాత క్యాష్‌బుక్కులాంటి పుస్తకం ఒకటి కొని మూడు గళ్ళు గీశాను. అనుకున్నది, పెట్టినది, తిన్నది. మొదటిది ఆదివారం రాస్తాను. రెండోది వంట దించగానే, వడ్డనకు ముందు, వండిన మనిషే రాయాలి. నేను రాయకూడదు. ఈ నియమం మా ఆవిడ పెట్టింది. మార్పు ఉంటే బోర్డు మీది మాట చెరిపి కొత్త మాట రాశాకే పళ్ళాలు కదులుతాయి. అప్పుడే తల్లులకూ కబురు వెళ్తుంది. "ఈ రోజు బీరకాయ పప్పు బదులు ఆనపకాయ పప్పు" అన్నంత చిన్న మార్పయినా సరే. వేరుశెనగ మా ఇంట్లోకి రావడమే మానేసింది. నాకు పల్లీ ఉండలంటే ప్రాణం. అవి ఇప్పుడు పార్కులో తిని, చేతులు కడుక్కుని వస్తున్నాను.

మూడో గడి కష్టం. "తిన్నాడు" అని రాస్తే చాలదు, ఎంత? మా కొలత గరిటె. అర గరిటె, పావు గరిటె, రెండు ముద్దలు. పెట్టినది చాలా, తిన్నది కొంచెం అయిన రోజు అలాగే రాయాలి. ఇక్కడ నాలోని గుమాస్తా మళ్ళీ తప్పు చేశాడు. పుస్తకంలోని పేజీ ఫోటో తీసి అందరూ ఉన్న గ్రూపులో పెట్టాను. ఆ రాత్రి ఒక తల్లి ఫోను చేసింది. "మా పాప రెండు ముద్దలే తిన్నదని ఊరందరికీ చెప్పాలా అండీ? మా అత్తగారు చూసి, పిల్లకు తిండి అలవాటు చేయలేదని నన్నంటోంది." ఆమె అన్నది నిజమే. అప్పటినుంచి మెనూ అందరికీ, తిన్న లెక్క ఎవరిది వాళ్ళకు విడిగా. మూడున్నరకల్లా పంపుతాను. బస్సులో కూర్చుని చదువుకుంటామంటారు.

ఆ లెక్కవల్ల తెలిసిన సంగతొకటి. ఒక బాబు సోమవారాలు మా దగ్గర ఏమీ తినేవాడు కాదు. వంట బాగాలేదేమోనని మా ఆవిడ బాధపడేది. నాలుగు వారాల లెక్క తండ్రికి పంపితే ఆయనే కనిపెట్టారు. ఆదివారం రాత్రి బయట భోజనం, పదకొండింటికి నిద్ర, సోమవారం పొద్దున్నే పెద్ద గ్లాసుడు పాలు. పాలు సగం చేస్తే సోమవారం పప్పన్నం తిన్నాడు.

మీలో కొందరు, "మన మనవడికి మనం పెట్టుకోవడానికి ఇంత తతంగమా?" అనుకుంటున్నట్టు ముఖాలే చెబుతున్నాయి. సొంత మనవడికైనా కోడలు సాయంత్రం వచ్చి "ఏం తిన్నాడు?" అని అడిగితే, "అన్నీ తిన్నాడమ్మా" అంటాం. ఆ "అన్నీ" ఏమిటో రాసి చూడండి. నేను రాసి చూసిన మొదటి రోజు అది పావు గరిటె పెరుగన్నం, మూడు మరమరాలు.

ఆ బాబు మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఇప్పుడు ఆరో తరగతి. దారిలో కనబడితే "తాతయ్యా" అని సైకిలు ఆపుతాడు. వాళ్ళమ్మ తల ఊపి వెళ్ళిపోతుంది. ఆమెను నేను తప్పు పట్టను. ఎర్ర సిరాతో రాసిన ఆ పేజీ పుస్తకంలో అలాగే ఉంచాను.

రేపు గురువారం. అనుకున్న గడిలో ఇడ్లీ, కొబ్బరి చట్నీ అని రాసి ఉంది. రెండో గడి ఖాళీగానే ఉంది. పొద్దున్న కాయ కొట్టాలి. వెళ్తూ వెళ్తూ ఇంకో కాయ కూడా కొనుక్కురమ్మని మా ఆవిడ చెప్పింది, కొట్టు మూసేలోగా వెళ్ళాలి. సెలవు.