చేతి మీద దద్దు, ఛాతీలో దుమ్ము

(బీదర్‌లో తెలుగు మిల్లు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బీదర్ 1956 అక్టోబరు ఆఖరు దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. సరిహద్దు మారింది గాని మన రాకపోకలు ఆగలేదు. జహీరాబాదు, నారాయణఖేడు వైపు నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నాం. ఆసుపత్రికి పోతే డాక్టరుగారు కన్నడంలో అడుగుతారు, మనం సగం తెలుగు, సగం హిందీలో చెబుతాం, చీటీ ఇంగ్లీషులో వస్తుంది. అందులో ఏం రాశారో ఇంటికి వచ్చి పిల్లల చేత చదివించుకోవాలి.

మాలో ఒక సోదరుడు దగ్గు, ఆయాసం అని పోతే ముంజేతికి సూది వేశారు. మూడో రోజుకు దద్దు లేచింది. క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగాడు, ఆయాసం తగ్గలేదు. తెమడ పరీక్షలో ఏం తేలిందని అడిగితే ఆ పరీక్షే చేయలేదని తెలిసింది. ఆయన పద్దెనిమిదేళ్ళు కార్డింగులో పనిచేసిన మనిషి. ఆ దద్దు అసలేమిటో తెలుసుకోవాలనే ఈ నాలుగు మాటలూ.

మన నెత్తురులో తెల్లకణాలున్నాయి. వాటిలో కొన్ని బయటి నుంచి ఏది వచ్చినా మింగేసే రకం. లింఫోసైట్లనే ఇంకో రకం అలా కాదు. ఒక్కో లింఫోసైటు ఒంటి మీద ఉండే కొక్కేలన్నీ ఒకే ఆకారానికి అతుకుతాయి. అలా అతికే పదార్థాన్ని యాంటిజెన్ అంటారు. క్రిమి ఒంటి మీది ముక్కే చాలాసార్లు ఆ యాంటిజెన్.

రేపు ఏ క్రిమి వస్తుందో తెలియదు కదా, కొక్కెం ముందే ఎలా తయారవుతుంది? శరీరం క్రిమిని చూసి కొక్కెం చేయదు. కొద్దిపాటి జన్యువుల ముక్కలను రకరకాలుగా కలిపి కోట్ల రకాల కొక్కేలను ముందే చేసి పెట్టుకుంటుంది. ఈ సంగతి 1976లో సుసుము టోనెగావా చూపించాడు, 1987లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కోట్లలో మన సొంత కండకే అతికేవి కూడా పుడతాయి. వాటిలో చాలావాటిని పుట్టిన చోటనే ఏరి పారేస్తుంది శరీరం. మనం బ్లోరూములో చెత్త తీసినట్టే, కొంత మిగులుతుంది కూడా.

క్రిమి వచ్చినప్పుడు దానికి సరిపోయే కణాలు ఒంట్లో బహు కొద్దిగా ఉంటాయి. అవి గొంతు కింద, చంకలో, గజ్జల్లో ఉండే బిళ్ళల్లో ఆ యాంటిజెన్‌ను కలుసుకుని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. ఒక నంబరు నూలుకు పెద్ద ఆర్డరు వస్తే ఫ్రేములన్నీ ఆ నంబరుకే తిప్పినట్టు. బిళ్ళ కట్టిందని మనం అనేది ఆ సందడినే. దీనికి వారం పది రోజులు పడుతుంది. పని అయ్యాక చాలా కణాలు చచ్చిపోతాయి, కొన్ని జ్ఞాపకంగా ఏళ్ళ తరబడి మిగులుతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే అవి చాలా త్వరగా లేస్తాయి.

లింఫోసైట్లలో బి కణాలు యాంటీబాడీలను తయారుచేసి నెత్తురులోకి వదులుతాయి. అయితే క్షయ క్రిమి గడుసుది. మింగిన తెల్లకణం లోపలే కాపురం పెడుతుంది, యాంటీబాడీ అక్కడికి పోలేదు. అక్కడ పని టి కణాలది. బేలు లోపల దూది ఎలా ఉందో చూడాలంటే చిటికెడు లాగి నమూనా చూస్తాం కదా, మన కణాలు కూడా లోపలి ప్రోటీన్ల ముక్కలను పైకి తెచ్చి నమూనాగా చూపుతాయి. టి కణం ఆ నమూనానే చదువుతుంది. 1974లో దీన్ని బయటపెట్టిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ ఇచ్చారు. టి కణం సంకేతం ఇస్తే, మింగిన కణానికి బలం వచ్చి లోపలి క్రిమిని అణచిపెడుతుంది, చుట్టూ గోడ కడుతుంది. అందుకే క్షయ క్రిమి సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి జబ్బు ఎన్నడూ రాదు. తిండి లేకపోయినా, షుగరు జబ్బు ఉన్నా, హెచ్.ఐ.వి. టి కణాలను తినేసినా ఆ గోడ కూలుతుంది.

ఇప్పుడు దద్దు సంగతికి వద్దాం. ముంజేతి సూదిలో బతికిన క్రిమి ఉండదు, దాని ప్రోటీను మాత్రమే ఉంటుంది. జ్ఞాపకమున్న టి కణాలు అక్కడ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందుకే 48 నుంచి 72 గంటల మధ్య కొలుస్తారు. ఆ గట్టిదనం చెప్పేది ఒక్కటే: ఈ శరీరం ఆ క్రిమిని ఎప్పుడో చూసింది. ఇప్పుడు జబ్బు ఉందా లేదా అన్నది అది చెప్పదు. చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా వల్ల కూడా దద్దు లేవవచ్చు.

బి.సి.జి. మన దేశంలో 1948లో మొదలైంది, మొదలైన చోట్లలో మన మదనపల్లె ఒకటి. తర్వాత తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968 నుంచి లక్షల మంది మీద పరీక్షించి చూస్తే, పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ రాకుండా కాపాడుతుంది గనుక పుట్టగానే వేయించవలసిందే. పెద్దవాళ్ళం మాత్రం చిన్నప్పుడు వేశారు కదా అని దగ్గును తీసిపారేయకూడదు.

ఇక దుమ్ము. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. వారం సెలవు తర్వాత మొదటి షిఫ్టులో ఛాతీ పట్టేసినట్టు ఉండడం దాని గుర్తు. పత్తి మీద ఉండే బాక్టీరియా విషం, ఎండోటాక్సిన్, ఇందులో ముఖ్యమైన కారణమంటారు. దాన్ని పట్టుకునేది మనం మొదట చెప్పుకున్న, ఏది వచ్చినా మింగేసే రకం. కాబట్టి దుమ్ముకు టీకా లేదు, ఒంట్లో పెరిగే రక్షణా లేదు. ఏళ్ళు గడిస్తే అలవాటవుతుందిలే అని మేస్త్రీ అంటే నమ్మకండి. ఏళ్ళు గడిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. దుమ్మును యంత్రం దగ్గరే పీల్చేసే ఏర్పాటు కావాలి. షిఫ్టుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఊదించి చూసే పరీక్ష ఉంది, పనిలో ఊపిరి ఎంత తగ్గిందో అందులో తెలుస్తుంది. ఈ జబ్బు 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులోకి వృత్తి వ్యాధిగా ఎక్కింది. క్షయ అని రాసి పంపేస్తే ఆ హక్కు అడిగేవాడే ఉండడు.

ఇంకొక మాట. ఇది విని ఎవరూ క్షయ మాత్రలు సొంతంగా ఆపవద్దు. సగంలో ఆపితే క్రిమి మందుకు లొంగకుండా పోతుంది. మిల్లులో పనిచేసేవాడికి క్షయ రాదనీ కాదు, ఒకే ఛాతీలో రెండూ ఉండవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష అడగండి, సర్కారు ఆసుపత్రిలో అది ఉచితం, మందులూ ఉచితమే. చీటీ మీద మీరు ఏ డిపార్టుమెంటులో ఎన్నేళ్ళు పనిచేశారో రాయమనండి. రాయించుకున్న చీటీలు పారేయకుండా యూనియన్ ఆఫీసుకు తెస్తే నకలు తీసి ఫైలులో పెడతాం.