కంది వేళ్లలో నక్షత్రం

మాది మాచర్ల దగ్గర ఒక పల్లెటూరు. నక్షత్రాల్లో జరిగేదాన్ని ల్యాబ్‌లో కొలుస్తున్నానంటే మా నాన్న ఒకటే అడిగాడు: "ఒరేయ్, మన కంది చేనుకి దీంతో ఏం పనిరా?" అప్పుడు నేను నోరు మెదపలేకపోయా. ఇవాళ చెప్తా.

కంది మొక్క పీకి చూడండి. వేళ్లకి చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్‌లో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. ఆ లోహంలో ప్రతి ఏడు పరమాణువుల్లో దాదాపు ఒకటి మాలిబ్డినం-92. అసలు చిక్కంతా దీంతోనే.

ఇనుము కన్నా బరువైన మూలకాలు చాలావరకు కేంద్రకాలు న్యూట్రాన్లని మింగి పెరగడం వల్ల పుట్టాయి. ఆ దారిలో తయారుకాని మొండి కేంద్రకాలు 35 దాకా ఉన్నాయి. వీటిని పి-న్యూక్లియై అంటారు. సూపర్‌నోవాలో 200, 300 కోట్ల డిగ్రీల వేడికి గామా కిరణాలు పెద్ద కేంద్రకాల నుంచి న్యూట్రాన్లని, ప్రోటాన్లని ఊడగొడితే ఇవి మిగులుతాయని ఒక వివరణ. కానీ ఆ లెక్కల్లో మాలిబ్డినం-92 చాలా తక్కువ వస్తుంది. ప్రకృతిలో మాత్రం దండిగా ఉంది!

ల్యాబ్‌లో సూపర్‌నోవాని పేల్చలేం కదా. అందుకే సినిమాని రివర్స్‌లో చూస్తాం. పల్చని అల్యూమినియం రేకు మీద మాలిబ్డినం-92 పూత పూసి, యాక్సిలరేటర్‌తో ప్రోటాన్లు కొడతాం. ఎక్కడో ఒకటి అతుక్కుని టెక్నీషియం-93 అవుతుంది. అది 2 గంటల 45 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. ఈలోపే రేకుని సీసం గోడల మధ్య జెర్మేనియం డిటెక్టర్ ముందు పెట్టి, గామా కిరణాలు లెక్కపెట్టాలి. ఇది తెలిస్తే, గామా కిరణం తగిలి ప్రోటాన్ ఊడే వేగాన్ని లెక్క కట్టొచ్చు.

నాకు దొరికింది మూడు రోజుల బీమ్ టైమ్. రెండో రాత్రి తొందరపడి బీమ్ కరెంట్ పెంచేశా. రేకుకి చిల్లు పడింది. ఏడుపు ఆపుకుంటూ నాన్నకి ఫోన్ చేశా.

"మొలక రాకపోతే మళ్లీ విత్తుకుంటాం కదరా" అన్నాడు.

మూడో రోజు రెండో రేకు పెట్టా. స్క్రీన్ మీద చిన్న శిఖరం లేచింది. నాలుగేళ్ల చదువుకి గ్రాఫ్‌లో ఒక్క చుక్క! చిక్కు ఇంకా వీడలేదు. కానీ తప్పు ఎక్కడ లేదో కొంత తెలిసింది.

ఈ రంగం మనకి కొత్తేం కాదు. గోదావరి ప్రాంతంలో పుట్టిన స్వామి జ్ఞానానంద లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర పనిచేసి, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కి పునాది వేశారు.

నాన్నా, నీ ప్రశ్నకి ఇదే నా జవాబు: మన కంది చేను పచ్చగా ఉండటంలో నక్షత్రాల చెయ్యి కూడా ఉంది. అదెలాగో పూర్తిగా తెలుసుకోవడమే నా పని.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ప్రశ్న అడిగారా? కామెంట్‌లో రాయండి. ఉంటా మరి!