పాలపళ్ళూ అమానతే

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆజ్ఞాపించదలచి కూడా, ఉమ్మత్‌కు భారమవుతుందని దైవప్రవక్త (స) దానిని విధిగా చేయలేదన్న సంగతి ఈ మింబరు నుండి ఎన్నోసార్లు చెప్పాము. అయితే ఆ ‘భారం’ అన్న మాట వద్ద మేము ఆగి ఆలోచించలేదు.

గత సంవత్సరం మన మక్తబ్‌లో ఐదేళ్ళ బాలుడొకడు ‘సా’ అక్షరాన్ని ఎంతకూ సరిగా పలకలేకపోయాడు. అది పలకాలంటే నాలుక కొన పై ముందుపళ్ళ అంచును తాకాలి. శ్రద్ధ లేదని మందలించాము. ఒకనాడు నోరు తెరిపించి చూస్తే ఆ పళ్ళు నల్లబడి, చిగుళ్ళ దాకా పుచ్చిపోయి ఉన్నాయి. తల్లిని పిలిపించాము. “పాలపళ్ళే కదా హజ్రత్, ఊడిపోతాయి” అన్నది. కాసేపాగి, ఆసుపత్రికి వెళితే ఆనాటి కూలి పోతుందన్నది. బాలుడు రాత్రులు నొప్పితో నిద్రపోవడం లేదట. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. అన్నం నమిలేది వాటితోనే.

స్కాట్లండ్ దేశంలో ‘చైల్డ్‌స్మైల్’ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉన్నది. అక్కడ బిడ్డ దంతవైద్యుని వద్దకు వచ్చేదాకా వేచి ఉండరు. నర్సరీ బడులలోనే పెద్దల పర్యవేక్షణలో పిల్లలందరిచేత రోజూ పళ్ళు తోమిస్తారు. పేద ప్రాంతాల బడులకు సిబ్బందే వెళ్ళి ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ పూత వేస్తారు. సహాయకులు ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడతారు. బడిలో చేరే ఈడు పిల్లలలో, పైకి కనిపించే పుచ్చు లేనివారు 2003లో 45 శాతం. 2018 నాటికి 71 శాతం. అయినా అంతరం పూర్తిగా పోలేదు. అదే 2018లో నిరుపేద ప్రాంతాలలో 56 శాతమే, సంపన్న ప్రాంతాలలో 86 శాతం. కనుక బ్రష్షులు పంచి చేతులు దులుపుకోవడం చాలదు.

మన దేశంలోనూ 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లల పళ్ళు కూడా చూస్తాయి. చిన్న ప్రైవేటు బడులకు వెళ్ళే మన పేట పిల్లలు ఆ వరుసలో నిలబడరు. నిలబడినా, చీటీ రాసిచ్చాక ఆసుపత్రికి తీసుకువెళ్ళేదెవరు?

మస్జిదు కమిటీతో సంప్రదించి కొన్ని నిర్ణయాలు చేశాము. మక్తబ్‌లో ప్రతి బిడ్డకూ పేరు రాసిన బ్రష్షు, బఠాణీ గింజంత పేస్టు. తోమాక నురగ ఉమ్మివేయాలి, నీటితో పుక్కిలించరాదు. అందుకే వుజూ, పాఠం ముగిశాక చివరన తోమిస్తాము. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాలలో నీటిలోనే ఫ్లోరైడ్ అధికం కాబట్టి, పూత విషయం దంతవైద్యుడు చెప్పినట్లే చేయాలి. పాఠం అప్పగించినవారికి మిఠాయి పంచే అలవాటు మాదే. ఇకపై పెన్సిలు ఇస్తాము.

జకాత్ ఖర్చుకు నియమాలు వేరు. దీనికి నఫిల్ సదఖా సొమ్ము వాడతాము. ఆటో ఖర్చు, తల్లికి ఆనాటి కూలి అందులో నుండే, ఎవరికీ తెలియకుండా ఇవ్వబడతాయి. పక్క వీధి అంగన్‌వాడీలోని ముస్లిమేతర పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పొరుగువారి హక్కు మనపై ఉన్నది.

పిల్లల వెంట ఆసుపత్రికి వెళ్ళగలవారు నలుగురు కావాలి. వారిలో ఇద్దరు స్త్రీలైతే మేలు. అసర్ నమాజు తరువాత పేర్లు రాసుకుంటాము.